గిటార్ వచ్చినోళ్లు పెద్దయినంక వయొలిన్ మొదలుపెట్టాలంటే

కొన్నేండ్లు గిటార్ వాయించినంక వయొలిన్ మీద మనసు పడేటోళ్లు మన దగ్గర చాలామందే ఉన్నరు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల ఉద్యోగం చేసుకుంట, ఇంట్ల పిల్లల చదువులు చూసుకుంట, రాత్రి ఓ అరగంట దొరికితే గిటార్ పట్టుకునేటోళ్లు, ఒకసారి ఏదో కచేరీల వయొలిన్ విని ఇగ ఇది నేర్చుకోవాలె అని ఫిక్స్ అయితరు. నేర్చుకోవచ్చు, వయసు అడ్డం కాదు. కాని రెండో వాయిద్యం నేర్చుకునుడు మొదటిది నేర్చుకున్నట్టు ఉండదు. మొదటిసారి చెవికి, చేతికి రెండింటికీ ఏం తెల్వదు కాబట్టి రెండూ కలిసే పెరుగుతయి. ఇప్పుడు మీ చెవి ఐదారేండ్లు ముందుంది, చెయ్యి సున్నా కాడ ఉంది, మీరు తీసే ప్రతి అపస్వరం మీకే స్పష్టంగ వినపడతది. పెద్దోళ్లు మధ్యల వదిలేసేది ఎక్కువగ దీనికే, చేతకాక కాదు. అందుకే నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టే తిరుగుతది: గిటార్ నేర్పిన చెవిని, తాళాన్ని, రోజూ కూసునే అలవాటును వెంట తెచ్చుకోండి, గిటార్ నేర్పిన చేతిని మాత్రం ఇంటి కాడే వదిలిపెట్టి రండి.

ముందు అసలు వయొలినే ఎందుకు అని జర ఆలోచించుకోండి. మీకు కావాల్సింది త్వరగ పాటలు వాయించుడే అయితే మాండలిన్ సుళువు, దానికి మెట్లు (ఫ్రెట్లు) ఉంటయి, పిక్ తోనే వాయిస్తరు, గిటార్ చెయ్యి దాదాపు అట్లనే పనికొస్తది, పాలకొల్లు నుంచి వచ్చిన యు.శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం ఎంత దూరం తీస్కపోయిండో అందరికీ తెలిసిందే. గమకం (స్వరాన్ని ఊపుకుంట, జార్చుకుంట వాయించుడు) మీద ప్రేమ ఉండి కమాను (తీగల మీద లాగే కర్ర) జోలికి పోవద్దనుకుంటే వీణ ఉంది, మైనం మీద పెట్టిన 24 మెట్లు, తీగను పక్కకు లాగి స్వరం పెంచుడు, గిటార్ల బెండింగ్ చేసినోళ్ల వేళ్లకు అది కొంచెం తెలిసిన పనే. కాని దాన్ని బండి మీద క్లాసుకు తీస్కపోవుడు కష్టం, ఇంట్ల దానికంటూ ఒక మూల కావాలె. స్వరాన్ని సాగదీసి పట్టుకోవాలె, గొంతు పాడినట్టు వాయించాలె అనుకుంటే మాత్రం వయొలినే, దానికి వేరే దారి లేదు.

కమాను పెట్టి వాయించుడు ఎక్కడిదో మనది కాదని అనుకునేటోళ్లు ఉంటరు. మన ఆదిలాబాద్ దిక్కు ప్రధాన్‌లు, తోటిలు గోండుల కథలు పాడేటప్పుడు మూడు తీగల కిక్రి వాయిస్తరు, అది కమాను వాయిద్యమే. కర్ణాటక సంగీతంలకు వయొలిన్‌ను తెచ్చిన బాలుస్వామి దీక్షితులు (1786–1858) కూడ మన సంగీతం మంచిగ వచ్చినంకనే మద్రాసుల ఒక యూరోపియన్ దగ్గర కూసొని వయొలిన్ నేర్చుకున్నడు. ఒకటి వచ్చినంక ఇంకోటి పట్టుకునుడు ఈ వాయిద్యానికి మొదటి నుంచి ఉన్నదే.

గురువు లేకుండ వయొలిన్ మొదలుపెట్టొద్దు. గిటార్ యూట్యూబ్ చూసి నేర్చుకున్నోళ్లు చాలామంది ఉన్నరు, నడిచిపోయింది కూడ, ఎందుకంటే మెట్టు మీద వేలు పెడితే స్వరం దానంతట అదే వస్తది. వయొలిన్‌కు మెట్లు లేవు, కమాను ఎటు వంగుతుందో మీకు కనపడదు, పక్కన ఒక మనిషి కూసొని చూడాలె. వరంగల్ల విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, ముందు అక్కడ అడగండి, పెద్దోళ్లను తీసుకుంటరా, సాయంత్రం క్లాసులు ఏ టైంకు, అడ్మిషన్లు ఎప్పుడు అని స్వయంగ వెళ్లి కనుక్కోండి. ఇంటి దగ్గర నేర్పే సార్లు, మేడమ్‌లు కూడ ఉంటరు, గాత్రం నేర్పేటోళ్లను అడిగితే వయొలిన్ నేర్పేటోళ్ల ఇల్లు చెప్తరు. మొదటి రోజే ఒక మాట చెప్పండి, "సార్, నాకు గిటార్ వస్తది, అయినా నన్ను సరళీ స్వరాల నుంచే మొదలుపెట్టించండి" అని, సరళీ స్వరాలంటే స రి గ మ వరుసల మొట్టమొదటి పాఠాలు. వచ్చినోనికి గురువులు మొహమాటానికి రెండు మెట్లు దాటించి చెప్పే ప్రమాదం ఉంటది, అది మీకు మంచిది కాదు. క్లాసుల పక్కన నాలుగో తరగతి పిల్లలు కూసుంటరు, మిమ్మల్ని అంకుల్ అనో ఆంటీ అనో పిలుస్తరు, వాళ్ల కమాను మీ కమాను కన్నా సాఫుగ పోతది కొన్నాళ్లు. వాళ్లను చూసి నేర్చుకోండి, వాళ్ల భుజాలు ఎంత వదులుగ ఉంటయో గమనించండి.

కొనేటప్పుడు. పెద్దోళ్లకు ఫుల్ సైజ్, నాలుగు బై నాలుగు అంటరు. మన దగ్గర షాపులల్ల గిటార్లు, కీబోర్డులు దొరికినంత వెరైటీ వయొలిన్లల్ల దొరకదు, హైదరాబాద్ పోతే నాలుగు పట్టుకొని చూసి కొనొచ్చు, కాజీపేటల రైలెక్కితే సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల చిల్లరే కదా, పొద్దున పోయి సాయంత్రానికి రావొచ్చు. వీలైతే గురువుగారినో, బాగ వాయించే సీనియర్‌నో వెంట తీస్కపోండి. ఆన్‌లైన్ల కొంటే ఒక సంగతి తెలిసి ఉండాలె, చాలాసార్లు బ్రిడ్జి (తీగల కింద నిలబడే చిన్న చెక్క) పడుకోబెట్టి పంపిస్తరు. గిటార్ బ్రిడ్జి అతికించి ఉంటది కాబట్టి మనకు ఇది విరిగిపోయిందేమో అనిపిస్తది, కాదు, వయొలిన్ బ్రిడ్జి ఎప్పుడూ అతికించరు, తీగల బిగువుతోనే నిలబడతది. దాన్ని నిలబెట్టుడు మొదటిసారి తెలిసినోళ్లతోనే చేయించండి. లోపల సౌండ్ పోస్ట్ అని చిన్న కట్టె ఉంటది, అది కూడ అతికించింది కాదు, ఒత్తిడి మీదనే నిలబడ్డది. అందుకే తీగలు మార్చేటప్పుడు గిటార్ లెక్క అన్నీ ఒకేసారి ఇప్పొద్దు, ఒకటి ఇప్పి ఒకటి కట్టి, తర్వాతనే రెండోది. అన్నీ ఇప్పితే బ్రిడ్జి పడతది, ఆ కట్టె కూడ పడిపోవచ్చు, అది పడితే ఇంట్ల పెట్టుకునే పని కాదు.

తీగలు బిగించే బిరడాలు కూడ వేరే కథ. గిటార్ల గేరు ఉంటది, తిప్పితే తిప్పిన కాడ ఆగుతది. వయొలిన్ బిరడ ఉత్త కట్టె, రంధ్రంల రాపిడితోనే ఆగుతది, అందుకే తిప్పుకుంటనే లోపలికి నెట్టాలె. ఎండాకాలం మన దగ్గర గాలి ఎండిపోయి కట్టె కుదించుకుపోతది, పొద్దున పెట్టె తీస్తే నాలుగు తీగలు వదులై ఉంటయి, వానాకాలం ఉబ్బి బిరడ తిరగనే తిరగదు, ఇందులో మీ తప్పేం లేదు. టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు కట్టే ముక్క) మీద నాలుగింటికీ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొంచెం కొంచెం సరిచేసే చిన్న స్క్రూలు) పెట్టించుకోండి, పెద్దగ ఖర్చు కాదు, కొత్తోళ్లకు ప్రాణం లేచొస్తది. శ్రుతి పెంచినకొద్దీ బ్రిడ్జి పైభాగం ఫింగర్‌బోర్డ్ దిక్కు ఒరుగుతది, వారానికోసారి పక్క నుంచి చూసి, రెండు చేతులతోని మెల్లగ నిటారుగ చేసుకోవాలె. మే నెలల కారుల పెట్టి తాళం వేసి పోవుడు, డాబా మీద రేకుల రూంల పెట్టుడు అస్సలు చెయ్యొద్దు, ఆ వేడికి అతుకులు ఊడుతయి.

కూసునుడు గురించి. కర్ణాటక పద్ధతిల కింద బాసిపట్ల వేసుకొని, వయొలిన్ వెనకభాగం ఎడమ భుజం, ఛాతీ దగ్గర ఆనించి, ముందరి చుట్ట (వయొలిన్ తల భాగం) కుడి కాలి మడమ దగ్గర పెడతరు. ఇట్ల ఎందుకంటే వాయిద్యం బరువు ఎడమచేతి మీద పడొద్దు, చెయ్యి ఖాళీగ ఉంటేనే పైకి కిందికి జారుతది, గమకం వస్తది. రోజంతా కుర్చీల కూసునే ఉద్యోగం చేసి 40 దాటినోళ్లకు మోకాళ్లు ఒప్పుకోవు, అప్పుడు తుంటి కింద మందం దిండు వేసుకోండి, మడమ మీద మడిచిన టవల్ పెట్టుకోండి. అట్ల కూడ కాకపోతే గురువుగారికి చెప్పి కుర్చీల కూసొని వాయించే పద్ధతి అడగండి. మోకాలు నొప్పిని పళ్లు బిగబట్టి భరిస్తే భుజం బిగుసుకుంటది, భుజం బిగుసుకుంటే కమాను వణుకుతది.

ఇగ కమాను. అసలు కష్టం, అసలు అందం రెండూ ఇక్కడే ఉన్నయి, దీనికి ఎంత టైం ఇచ్చినా తక్కువే. గిటార్ల కుడిచెయ్యి తీగను మీటి వదిలేస్తది, తర్వాత స్వరం దానంతట అది తగ్గిపోతది, దాంతో మనకు పని లేదు. కమానుతోని స్వరం ఉన్నంతసేపు మీరే దాన్ని నడిపించాలె, మొదలు ఎట్ల, మధ్య ఎట్ల, ముగింపు ఎట్ల అన్నీ మీ చేతిలనే. చూసుకోవాల్సినవి మూడు, ఎంత బరువు, ఎంత వేగం, బ్రిడ్జికి ఎంత దగ్గర. బరువు ఎక్కువై వేగం తక్కువైతే కీచుమంటది, బరువు లేక వేగం ఎక్కువైతే గాలి ఊదినట్టు డొల్ల శబ్దం వస్తది. బ్రిడ్జికీ ఫింగర్‌బోర్డ్ చివరికీ మధ్యల ఉన్న జాగల, బ్రిడ్జికి సమాంతరంగ, తిన్నగ పోవాలె. కొత్తల కమాను చివరికి వచ్చేసరికి వంకర పోతది, ఎందుకంటే మోచెయ్యి తెరుచుకోకుండ భుజం నుంచి లాగుతం. అద్దం ముందు కూసొని చూసుకోండి, లేదా ఫోన్ పక్కకు పెట్టి వీడియో తీసుకోండి.

మొదటి కొన్ని వారాలు ఎడమచెయ్యి పక్కకు పెట్టి ఖాళీ తీగల మీదనే కమాను లాగండి. గిటార్ వచ్చినోళ్లకు ఇదే అన్నిటికన్న పెద్ద పరీక్ష, ఎందుకంటే వేళ్లు దురద పెడతయి, ఏదో ఒక పాట వాయించాలనిపిస్తది. ఆగండి. మెట్రోనోం 60 మీద పెట్టి, ఆది తాళం 8 అక్షరాలకు (8 దెబ్బలకు) ఒక్క కమాను, పట్టుకున్న కాడి నుంచి చివరి దాకా, మళ్ల 8 అక్షరాలకు వెనక్కి. అది సాఫుగ వచ్చినంక 4 అక్షరాలకు, తర్వాత 2, తర్వాత 1. తర్వాత రెండు తీగల మధ్య మారుడు, తీగ మారేటప్పుడు మూడోదానికి తగలకుండ. ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత రికార్డింగులు దొరికితే వినండి, 1893ల పుట్టి విజయనగరం మహారాజా సంగీత కళాశాలల 1919 నుంచి వయొలిన్ నేర్పిన మనిషి, 1936ల అక్కడే ప్రిన్సిపాల్ అయిండు, ఆ నిండు కమాను శబ్దం చెవుల పడితే ఖాళీ తీగల మీద ఎందుకు ఇంత సేపు కూసోవాలో వేరే ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

కమాను గురించి చిన్నచిన్న సంగతులు: రోజిన్ (కమాను వెంట్రుకకు రాసే గట్టి బంక బిళ్ల) రాయకపోతే కొత్త కమాను అసలు శబ్దమే చెయ్యదు, పాడైందనుకొని వాపస్ పంపకండి. కొత్త రోజిన్ బిళ్ల అద్దంలెక్క నునుపుగ ఉంటది, ఇసుక కాయితంతోని పైన జర గీకితే పొడి వస్తది. వెంట్రుకను వేళ్లతోని ముట్టొద్దు, చేతి జిడ్డుకు రోజిన్ పట్టదు. వాయించుడు అయిపోంగనే స్క్రూ వదులు చేసి పెట్టాలె, బిగించి పెడితే కర్ర వంపు పోతది. వయొలిన్ మీద పడిన తెల్ల పొడిని మెత్తటి బట్టతోని ప్రతిసారి తుడవండి, పేరుకుపోతే వార్నిష్‌కు పడతది.

శ్రుతి దగ్గర గిటార్ బుర్ర పూర్తిగ మార్చుకోవాలె. గిటార్ల ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ అని ఖాయం. పాశ్చాత్య వయొలిన్ జీ, డీ, ఏ, ఈ. మన పద్ధతిల మాత్రం లావు తీగ నుంచి స, ప, స, ప, అంటే కింది స్థాయి (మంద్ర) షడ్జం, పంచమం, మధ్య స్థాయి షడ్జం, పంచమం. ఆ షడ్జం ఎక్కడ అనేది పాడేటోళ్ల గొంతును బట్టి మారుతది, ఒకటి శ్రుతి అంటే సీ, రెండు అంటే డీ, రెండున్నర డీ షార్ప్, ఐదు అంటే జీ. ఐదు శ్రుతిల పెడితే జీ, డీ, జీ, డీ అయితది, అంటే షాపుల వచ్చిన సెట్టింగ్ల సన్న తీగలు రెండు ఒక్కో పూర్తి స్వరం దించితే చాలు. రెండు శ్రుతికి వస్తే తీగలు చాలా కిందికి దిగి వదులైతయి, డీ, ఏ, డీ, ఏ. గురువుగారు చెప్పిన శ్రుతిలనే ఉంచండి, తంబుర యాప్ పెట్టుకొని షడ్జ పంచమాలు కలిసే దాకా వినుకుంట శ్రుతి చెయ్యండి, ట్యూనర్ సూది చూసి కాదు. సూది మొదటి నెల సాయానికి ఓకే, తర్వాత చెవికే ఆ పని అప్పజెప్పాలె.

ఎడమచెయ్యి. గిటార్ల మొదటి అరస్వరానికి దూరం దాదాపు 36 మిల్లీమీటర్లు, వయొలిన్ మీద అదే అరస్వరం 18 మిల్లీమీటర్లే, సగం. అందుకే గిటార్ చెయ్యి అలవాటుగ వెడల్పు సాగుతది, ప్రతి స్వరం జర ఎక్కువ వస్తది. ఇంకోటి, తీగను గట్టిగ నొక్కే అలవాటు, గిటార్ల స్టీల్ తీగను మెట్టుకు ఆనించాలె కాబట్టి అది అవసరం, ఇక్కడ అంత బలం పెడితే బొటనవేలు బిగుసుకొని చెయ్యి కదలదు. తీగ మోగేంత వరకే నొక్కండి.

మాయామాళవగౌళ రాగంల సరళీ స్వరాలు ఎందుకు మొదలుపెట్టిస్తరో వయొలిన్ మీద చూస్తే మస్తు సంతోషం అనిపిస్తది. సన్న తీగ నుంచి లెక్కపెడితే రెండో తీగ ఖాళీగ స, మొదటి వేలు రి, రెండో వేలు గ, మూడో వేలు మ. మొదటి తీగ ఖాళీగ ప, మొదటి వేలు ద, రెండో వేలు ని, మూడో వేలు పై స. స నుంచి రి ఎంత దూరమో ప నుంచి ద అంతే, గ ఎక్కడో ని అక్కడే, మ ఎక్కడో పై స అక్కడే. అంటే రెండు తీగల మీద చెయ్యి ఆకారం ఒక్కటే! మొదటి వేలు వెనక్కి, రెండోది మూడోది ఒకదానికొకటి ఆనుకొని, మధ్యల పెద్ద ఖాళీ. ఈ ఒక్క ఆకారం చేతిల కూసుంటే మూడు స్థాయిలకు దారి దొరికినట్టే. గిటార్ల స్కేల్ ప్యాటర్న్లు బట్టీ పట్టినోళ్లకు ఇది తొందరగ ఎక్కుతది.

స్వరం సరిగ్గ పడిందా అని చూసుకునే ఉపాయం వాయిద్యంలనే ఉంది. మూడో తీగ మీద మూడో వేలుతోని వచ్చే స, పక్కన ఖాళీగ ఉన్న రెండో తీగ స, రెండూ ఒకటే. సరిగ్గ పడితే మీరు ముట్టకుండనే రెండో తీగ దానంతట అది కదుల్తది, కళ్లతో చూడొచ్చు, శబ్దం ఒక్కసారిగ తెరుచుకుంటది. మొదటి తీగ మీద పై స పడ్డప్పుడు కూడ అంతే. ఫింగర్‌బోర్డ్ మీద స్టిక్కర్లు అతికించుడు నాకు ఇష్టం లేదు, కళ్లు దానికే అంటుకుంటయి. గురువుగారు పెట్టమంటే పెట్టండి, కొన్ని నెలలకు తీసెయ్యండి. గిటార్ పక్కన పెట్టుకొని గాంధారం (గ) చెక్ చేసుడు మాత్రం వద్దు, గిటార్ మెట్లు అన్ని శ్రుతులకు పనికొచ్చేటట్టు సమానంగ పంచినయి, అందుకే దాని అంతర గాంధారం (మాయామాళవగౌళల వచ్చే గ) తంబురల సహజంగ మోగే గాంధారం కన్న కొంచెం ఎక్కువ ఉంటది. పంచమం దాదాపు సమానమే, గాంధారం దగ్గర తేడా వినపడతది. తంబురతోనే కలుపుకోండి.

ప్రతి వరుస ముందు పాడండి, చేతితోని తాళం వేసుకుంట, తర్వాతనే వాయించండి. గొంతు బాగ లేదని సిగ్గు పడేది ఏం లేదు, కచేరీ కోసం కాదు కదా. ట్యాబ్ చదివే అలవాటున్నోళ్లకు ఇది ఇంకా ముఖ్యం, ట్యాబ్ వేలు ఎక్కడ పెట్టాలో చెప్తది, స్వరం వినిపించదు. సరళీలు మూడు కాలాలు, జంట స్వరాలు, అలంకారాలు, తర్వాత గీతాలు, ఆ క్రమంలనే పోండి, గమకం గురువుగారు మొదలుపెట్టించిన రోజే. బెండింగ్, వైబ్రాటో వచ్చు కదా అని ముందే స్వరాన్ని ఊపితే, స్వరం ఎక్కడ నిలబడాలో చేతికి ఎప్పటికీ తెల్వదు.

టైం విషయానికొస్తే రోజూ 30 నిమిషాలు సరిపోతది, ఆదివారం మూడు గంటలు కూసునుడు కన్న ఇది ఎన్నో రెట్లు మేలు. పొద్దున ఆఫీసుకు ముందు అయితే చెయ్యి, మనసు రెండూ తాజాగ ఉంటయి. అపార్ట్‌మెంట్ల ఉండేటోళ్లు బ్రిడ్జి మీద పెట్టే రబ్బరు మ్యూట్ ఒకటి కొనుక్కోండి, పక్కింటోళ్లకు ఇబ్బంది ఉండదు, కాని వారానికి ఒకటి రెండు సార్లన్న అది తీసి వాయించండి, లేకపోతే మీ అసలు శబ్దం మీకు తెల్వదు. మెడ, ఎడమ మణికట్టు, కుడి భుజం ఎక్కడన్న నొప్పి మొదలైతే ఆరోజుకు ఆపెయ్యండి, తర్వాతి క్లాసుల గురువుగారికి ఎక్కడ నొస్తుందో వేలు పెట్టి చూపించండి, తొంభై పాళ్లు కూసునే తీరులనో పట్టుకునే తీరులనో మారేదే ఉంటది. తగ్గకుంటే డాక్టర్ దగ్గరికి పోండి.

గిటార్‌ను అటక ఎక్కించొద్దు. వయొలిన్ ముందు, గిటార్ తర్వాత, ఈ వరుస మార్చొద్దు, ఎందుకంటే గిటార్ ముందు పట్టుకుంటే చెయ్యి ఆ వెడల్పుకు, ఆ బలానికి సెట్ అయిపోతది. గిటార్‌ను వయొలిన్‌కు తోడుగ వాడుకునే పద్ధతి ఒకటుంది. మీ శ్రుతి రెండు అయితే గిటార్ తీగలను డీ, ఏ, డీ, జీ, ఏ, డీ అని శ్రుతి చెయ్యండి, అంటే స, ప, స, మ, ప, స. మధ్యల మ తీగను ముట్టకుండ మిగతా వాటిని మెల్లగ ఒక్కొక్కటే మీటి పది నిమిషాలు ఫోన్ల రికార్డ్ చేసుకుంటే మీ చేతితోనే చేసిన తంబుర అయితది. రెండున్నర శ్రుతి అయితే ఇదే పెట్టుకొని మొదటి మెట్టు మీద కేపో వెయ్యండి, మూడు అయితే రెండో మెట్టు మీద. ఇంట్ల గిటార్ నేర్చుకునే తమ్ముడో, బిడ్డనో ఉంటే రికార్డింగ్ కూడ అక్కర్లేదు, వాళ్లు ఎదురుంగ కూసొని స ప మీటుతుంటే మీరు సరళీలు వాయించండి, మనిషి మీటే శ్రుతికి కలుపుకుంట వాయించుడు యాప్ పెట్టుకొని వాయించుడు కన్న చెవికి ఎక్కువ నేర్పుతది.